మైకమ్మ చెప్పిన ఒకే ఒక్క పాఠం

అసలు పేరు డ్యూటీ రిజిస్టరులో ఉంది గాని, దానితో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. బస్టాండులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మైకమ్మ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో, ఎవరి గొడుగు దొరికిందో, ఎవరి ముసలాయన తప్పిపోయి విచారణ కిటికీ దగ్గర కూర్చున్నాడో, పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నది ఆవిడే. గొంతు చెప్పుకోదగ్గదే. ఒక్క అక్షరం జారదు, ఒక్క అంకె తడబడదు. ఆ గొంతు కోసం ఆవిడ చల్లని నీళ్ళు మానేసింది, పులుపు మానేసింది, మొగుడి మీద కేకలు కూడా పొదుపుగా వేసేది.

ఇంత గొంతు ఉండి ఏం లాభం? వినేవాళ్ళెవరూ ఆవిడ కోసం వినరు, బస్సు కోసం వింటారు. బస్సు పేరు చెవిన పడగానే సంచులు ఎత్తుకుని పరుగు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆ కిటికీలోకి తొంగి చూసి “ఎంత బాగా చెప్పావమ్మా” అన్నది లేదు.

ఆవిడకి పంతులమ్మ కావాలని ఉండేది. లెక్కల్లో దిట్ట. టీచర్ ట్రైనింగులో సీటు కూడా వచ్చింది. అదే వారం బస్టాండులో ఈ ఉద్యోగం పడింది. ఇంట్లోవాళ్ళు చేతికందినదాన్ని వదులుకోవద్దన్నారు, ఆవిడ వదులుకోలేదు. ఎవరి మీదా నేరం మోపలేదు. కానీ ఉదయం తొమ్మిదింటికి తెల్ల చీర కట్టుకుని, చంకలో రికార్డు పుస్తకాలు పెట్టుకుని పంతులమ్మలు సిటీ బస్సు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే మాత్రం, ఆ బస్సు రాక గురించి ఆవిడ రెండు నిమిషాలు ఆలస్యంగా చెప్పేది. పాపం వాళ్ళు పరిగెత్తేవాళ్ళు. చూసి ఆవిడకి అదో తృప్తి.

కాబట్టి మైకమ్మకి అసూయ కొత్త కాదు. కాకపోతే అంతకుముందు అది కిటికీ అవతల ఉండేది. ఇప్పుడు ఇంట్లోకే వచ్చి కంచం ముందు కూర్చుంది.

కూర్చున్నది ఆవిడ ఆడపడుచు. ఇంట్లో చిట్టి అంటారు. కాలేజీలో ఆఖరి ఏడు చదువుతోంది. అన్నకీ చెల్లికీ పదిహేనేళ్ళ తేడా. అన్న బస్సు డిపోలో మెకానిక్కు. తల్లీతండ్రీ పోయాక పిల్లని పెంచింది వదినే. జడలు వేసింది, జ్వరాలకి కాపలా కాసింది, ఎక్కాలు ఒప్పజెప్పించుకుంది. ఆ ఎక్కాలే ఇప్పుడు కొంప ముంచాయి.

సరిహద్దు గీత అక్కడికి రెండు గంటల బస్సు దూరం. గీత అవతలా ఇదే భాష, ఇదే చలి, ఇవే కూరగాయలు. కానీ అవతల ఆడపిల్లల హైస్కూళ్ళు మూతపడి రెండేళ్ళయింది. ఎందుకు మూశారని అడిగేవాళ్ళు లేరు, అడిగితే చెప్పేవాళ్ళూ లేరు. చిట్టీ, మరో ఇద్దరు ఆడపిల్లలూ కలిసి దీనికి ఒక దారి కనిపెట్టారు. ఒకమ్మాయి ఎక్కడో మూడో దేశంలో చదువుకుంటోంది. ఏ పాఠం తర్వాత ఏ పాఠమో రాసి పంపేది ఆమే. మైకమ్మ ఆమెకి పుస్తకాల పిల్ల అని పేరు పెట్టింది. రెండో అమ్మాయి గీత అవతలే ఉంటుంది. వాళ్ళ పిన్నికి ఇస్త్రీ దుకాణం ఉంది. మధ్యాహ్నం పూట బట్టల మూటలతో ఎనిమిది మంది ఆడపిల్లలు ఆ దుకాణం వెనక గదిలోకి వెళ్తారు, ఒక్క ఫోను చుట్టూ కూర్చుని పాఠం వింటారు. ఆ పాఠం చెప్పే గొంతు చిట్టిది. ఏడాది చివర, పుస్తకాల పిల్ల ఉండే దేశం వాళ్ళు పెట్టే పరీక్ష ఒకటి ఉంది. గట్టెక్కితే ఆ కాగితం పట్టుకుని ఎక్కడైనా పై చదువుకి వెళ్ళొచ్చు.

పేర్లు చెప్పుకోకూడదని నియమం. ఎవరి చేతికి ఫోను చిక్కినా ఎవరి కొంపా అంటుకోకూడదు కదా! అందుకని పిల్లలకి నంబర్లు. పాఠం అయ్యాక హాజరు పలికి పంపేవాళ్ళు. “ఒకటి.” “రెండు.” “మూడు.” అలా ఎనిమిది దాకా, ఒక్కొక్కరిది ఒక్కో గొంతు.

పాఠాలు రికార్డు చేయడానికి నిశ్శబ్దమైన చోటు కావాల్సి వచ్చింది. ఊరు మొత్తంలో అలాంటిది ఒక్కటే, బస్టాండులో మెట్ల కింద ఉన్న అనౌన్సింగు గది. గోడలకి మందపాటి అట్టలు, తలుపుకి రబ్బరు పట్టీ. రెండున్నర నుంచి మూడుంబావు దాకా ఏ బస్సూ ఉండదు. పాఠాలు పంపే ఫోను కూడా అక్కడే, మైకమ్మ సొరుగులో, తాళం వేసి. మూడింటికల్లా పాఠం వెళ్ళిపోవాలి.

“నీ గది వాడుకోనిస్తే చాలు వదినా, నీ మేలు మర్చిపోను” అంది చిట్టి.

గది చాలునట! గదిలో ఉన్న గొంతు అక్కర్లేదు. నిజానికి మొదటి రోజునే చిట్టి, “మా వదిన గొంతు విను” అని ఒక నమూనా పుస్తకాల పిల్లకి పంపింది. ఆ పిల్ల పగలబడి నవ్వుతూ జవాబిచ్చింది. “అమ్మో! ఈ గొంతు వింటే పాఠం వినాలనిపించట్లేదే, సామాన్లు సర్దుకోవాలనిపిస్తోంది!”

చిట్టి కూడా నవ్వింది. మైకమ్మ కూడా నవ్వింది. నవ్వి, సొరుగు తాళం రెండుసార్లు వేసి చూసుకుంది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆవిడ తన కుర్చీలో చిట్టిని కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునేది. ఆ పిల్ల పాఠం చెప్పే తీరు చూస్తే ఒళ్ళు మండేది. మధ్యలో ఆగుతుంది, దగ్గుతుంది, తప్పు చెప్పి “అబ్బ, కాదు కాదు, ఉండండి” అని నవ్వుతుంది. అదీ ఒక చెప్పడమేనా? పైగా ఆ ఎక్కాల కిటుకులన్నీ ఎవరివి? తొమ్మిదో ఎక్కం వేళ్ళ మీద లెక్కబెట్టే పద్ధతి ఎవరు నేర్పారు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు వదిన కిటుకులు ఆడపడుచు పంచిపెడుతోంది, పేరు మాత్రం తనది.

అన్నిటికన్నా కాల్చుకు తిన్నది ఐదో నంబరు పిల్ల. కొంచెం బొంగురు గొంతు, మాట్లాడితే తొందర. హాజరు పలికి ఊరుకోదు. “ఐదు. అక్కా, మీరు నవ్విన చోటే నాకు లెక్క గుర్తుంటోంది.” “ఐదు. అక్కా, మీ దగ్గు తగ్గిందా?” “ఐదు. అక్కా, నేను పెద్దయ్యాక మీలా చెప్తాను.” ఆ మాటలన్నీ మైకమ్మ ముందు విని తర్వాత చిట్టికి వినిపించేది, ఎందుకంటే ఫోను ఆవిడ సొరుగులో ఉంటుంది కదా. వినిపించేటప్పుడు చిట్టి మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూడలేక మైకమ్మ బస్సుల పట్టిక తిరగేసేది. ఆ పట్టిక ఆవిడకి కంఠతా వచ్చు.

ఇంట్లో మొగుడొకడు. గ్రీజు చేతులు కడుక్కుంటూ, “మన చిట్టి చూడవే, దేశాలు దాటి చదువు చెబుతోంది” అనేవాడు.

“నేను దేశాలు దాటి బస్సులు పంపిస్తున్నాను, నన్నెవరూ చూడరు” అనేది ఆవిడ.

“నీది ఉద్యోగం కదే!” అనేవాడు ఆ మహానుభావుడు. అంతకన్నా పెద్ద గ్రీజు మరక ఇంకోటి లేదు.

పరీక్షకి ఇరవై ఆరు రోజులు ఉందనగా చిట్టికి పడిశం పట్టింది. మర్నాడు మధ్యాహ్నం కాలేజీలో పరీక్ష కూడా ఉంది. ముందురోజే పాఠం రికార్డు చేసేసి, “రేపు మూడింటికి పంపేయి వదినా, ఒక్క నొక్కు నొక్కితే చాలు” అని చెప్పి వెళ్ళింది.

మర్నాడు రెండున్నరకి మైకమ్మ గది తలుపు వేసుకుని ఆ పాఠం విన్నది. శాతాల పాఠం. ముక్కు చీదడం రెండుసార్లు, తుమ్ము ఒకసారి. ఆ పైన ఒక పెద్ద తప్పు. “ఒక ఊళ్ళో నాలుగు వందల యాభై మంది పిల్లలున్నారు. అందులో ఇరవై శాతం అంటే ఎనభై మంది.”

“తొంభై!” అంది మైకమ్మ పైకే.

మళ్ళీ విన్నది. ఎనభై. సందేహం లేదు. ఆవిడ గుండెలో ఏదో పండినట్టయింది. ఇన్నాళ్ళకి దొరికింది! ఇది పంపితే ఎనిమిది మంది పిల్లలు తప్పు నేర్చుకోరూ? పరీక్షలో మార్కు పోదూ? తప్పు దిద్దడం తప్పెలా అవుతుంది? మనసుకి కావాల్సిన పని చేయడానికి మనిషికి కారణాలు కరువా! ఆవిడ గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క తాగింది. కుర్చీలో తనే కూర్చుంది. శాతాల పాఠం మొదలునుంచి చివరిదాకా తన గొంతుతో చెప్పింది. ఉన్నమాట చెప్పుకోవాలి, బాగా చెప్పింది. నూటికి పది ఎంతో ముందు పట్టుకుని, దాన్ని రెట్టింపు చేసి ఇరవై శాతానికి రావడం, చిట్టికి ఎప్పుడూ నేర్పని కిటుకు, అది కూడా కలిపింది. దగ్గలేదు, నవ్వలేదు. చిట్టి పాఠం చెరిపేసి తన పాఠం సరిగ్గా మూడింటికి పంపింది.

పంపి, హాజరు కోసం కూర్చుంది. నిజం చెప్పాలంటే హాజరు కోసం కాదు, ఐదో నంబరు కోసం.

మూడుంబావయింది, మైకులో బస్సు రాక చెప్పింది. నాలుగయింది. ఫోను పలకలేదు.

మర్నాడు చిట్టి వచ్చి ఇంకో పాఠం చెప్పింది. పంపితే వెళ్ళలేదు. అవతలి ఫోను ఆగిపోయి ఉంది. మూడో రోజూ అంతే. చిట్టి ఇంటికొచ్చి అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడిగేసుకుంది.

“ఏమైందే? చార్జింగు అయిపోయిందేమో” అన్నాడు అన్న.

“కాదన్నయ్యా. ఏదో జరిగింది. ఎవరికైనా దొరికిపోయారేమో. లేకపోతే పాఠంలో నేనే ఏదైనా తప్పు మాట అన్నానేమో, ఆ రోజు పడిశంలో ఏం వాగానో గుర్తులేదు. మాకొక కట్టుబాటుంది. తెలియని గొంతుతో పాఠం వస్తే, ఇవతలి ఫోను ఎవరో లాక్కున్నారని లెక్క. వెంటనే సిమ్ విరిచేయాలి, పుస్తకాలు ఇంట్లో ఉంచకూడదు, ఎవరి దారిన వాళ్ళు విడిపోవాలి. నలభై రోజులు ఒకరినొకరు పలకరించుకోకూడదు. కానీ మన దగ్గర్నుంచి అలాంటిదేం వెళ్ళలేదే! మొదట్లోనే మీ ఇద్దరికీ చెప్పాను కదా ఇదంతా, ఈ బల్ల దగ్గరే.”

మైకమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

చెప్పింది. నిజమే, ఆ రోజు చెప్పింది. సగం చెబుతుండగా మొగుడి కళ్ళలో చెల్లెలి మీద మురిపెం చూసి, గిన్నెలు తోమాలని లేచి వెళ్ళిపోయింది మైకమ్మ. గిన్నెలు చప్పుడు చేస్తూ తోమింది, మిగతా సగం వినపడకుండా.

ఆ క్షణాన చెప్పేయొచ్చు. “నేనే” అంటే సరిపోయేది. ప్రమాదమేమీ లేదని తెలిస్తే పుస్తకాల పిల్ల మరో దారిన కబురు పంపేది. అనకపోతే నలభై రోజులు ఆగాలి, పరీక్ష ఇరవై మూడు రోజుల్లో ఉంది. ఎనిమిది మంది ఏడాది కష్టం ఆవిడ నాలుక చివర ఉంది. వేళ తప్పకుండా ఊరందరికీ అన్నీ చెప్పే ఆ నాలుక, ఆ పూట లేవలేదు.

నాలుగో రోజూ లేవలేదు. ఐదో రోజూ లేవలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చిట్టి ఫోను వంక చూస్తేనే ఆవిడకి చెమటలు. చిట్టి మీద కోపం కూడా వచ్చింది, అదీ చోద్యం. ఎందుకంత ఏడుస్తుంది? ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం అంత ఏడవగలగడం కూడా ఒక గొప్పేనా? అలాంటి ఏడుపు తనకెందుకు రాదు? ఇదిగో, ఇక్కడ కూడా అసూయే! ఆడపడుచు కన్నీళ్ళు చూసి కూడా ఓర్వలేకపోయింది ఆ మనిషి.

ఆరో రోజు మధ్యాహ్నం చిట్టి గదిలోకొచ్చి, “ఇక పాఠాలు చెప్పను వదినా. నా నోటివల్లే వాళ్ళకి ముప్పొచ్చింది. నేనిందుకు తగను” అని బల్ల మీద తల పెట్టుకుంది.

తగను. ఆ మాట చిట్టి నోట వినాలని ఎన్ని మధ్యాహ్నాలు కోరుకుందో మైకమ్మకే తెలుసు. తీరా విన్నాక ఆవిడ స్టూలు మీంచి లేచి నిలబడింది.

“నీ నోటివల్ల కాదే” అంది. “నావల్ల.”

చిట్టి తలెత్తింది.

“నీ పాఠం చెరిపేశాను. నేను చెప్పి పంపాను. నువ్వు తొంభై అనాల్సింది ఎనభై అన్నావు, దిద్దుదామని...” ఆగింది. పంతొమ్మిదేళ్ళలో ఆ కుర్చీ దగ్గర ఆవిడ మాట మధ్యలో ఆగడం అదే మొదలు. “కాదు. దిద్దడానికి కాదు. నాకు కుళ్ళు. నీ మీద కుళ్ళు. ఆ ఐదో పిల్ల నన్ను ఒక్కసారి పొగిడితే వినాలని.”

ఆవిడ చెంపదెబ్బకి సిద్ధపడింది. చిట్టి లేచి ఆవిడ భుజాలు పట్టుకుంది. “అయితే ఎవరూ దొరికిపోలేదా? అందరూ బాగానే ఉన్నారా? నీ గొంతు విని భయపడి విరిచేశారు, అంతేనా?” అంటూ ఏడుస్తూ నవ్వేసింది. పరుగున బయటికెళ్ళి పుస్తకాల పిల్లకి ఫోను చేసింది.

కొట్టినా బాగుండేది. కోపం తర్వాత వచ్చింది చిట్టికి, ఇంటికెళ్ళాక. రెండు రోజులు వదినతో పొడి మాట కూడా లేదు. అడ్డొస్తే పక్కకి తప్పుకుంది. ఏమైందని అన్న అడిగితే “ఏం లేదు” అంది. చెప్పేయొచ్చుగా! దాచిపెట్టి ఈ పెద్దరికం ఒకటి. మైకమ్మే ఆ సాయంత్రం మొగుడికి చెప్పేసింది. ఆయన స్పానర్లు తుడుచుకుంటూ, “ముందే చెప్పి ఉండాల్సింది” అన్నాడు. అంతే అన్నాడు.

మామూలుగా ఒక్క పూటలో చేరాల్సిన కబురు, అప్పటికే అవతల నిఘా పెరగడంతో మూడు చేతులు మారి, తొమ్మిది రోజులకి ఇస్త్రీ దుకాణం చేరింది. కొత్త సిమ్ వచ్చింది. పరీక్షకి పదకొండు రోజులు మిగిలాయి.

“మొదటి కబురు నువ్వే పంపాలి” అంది చిట్టి. “నీ గొంతంటే వాళ్ళకి భయం మిగిలిపోకూడదు. నేను ముందు నాలుగు మాటలు చెబుతాను, తర్వాత నువ్వు.”

మైకమ్మ కుర్చీలో కూర్చుంది. “ప్రయా...” అని మొదలుపెట్టబోయి ఆపేసుకుంది, అలవాటు. తర్వాత ఏం చెప్పిందో ఆవిడకే సరిగా గుర్తులేదు. తప్పు తనదని, భయపడొద్దని, ఆ రోజు ఎవరూ ఫోను లాక్కోలేదని. గొంతు రెండుచోట్ల జీరపోయింది. మళ్ళీ చెబుతానంటే చిట్టి ఒప్పుకోలేదు. “ఇదే బాగుంది” అని పంపేసి, టీ తేవడానికి బయటికెళ్ళింది.

పావుగంటలో ఫోను పలికింది. గదిలో మైకమ్మ ఒక్కతే ఉంది.

“ఒకటి.” “రెండు.” “మూడు.” “నాలుగు.” కొంచెం ఖాళీ. “ఆరు.” “ఏడు.” “ఎనిమిది.”

ఎనిమిదో పిల్లది చిన్న గొంతు, చదివి ఒప్పజెప్పినట్టు మాట్లాడుతుంది. “ఐదు ఇంక రాదు టీచర్. మేమందరం పుస్తకాలు పొయ్యిలో వేసేశాం. తనకి మనసొప్పలేదు. మూడు రోజులు దాచింది. నాలుగో రోజు బట్టల మూటలో పెట్టుకుని వేరేచోటికి తీసుకెళ్తుంటే వాళ్ళ బాబాయి చూశాడు. దూరంగా బంధువుల ఇంటికి పంపేశారు. అక్కడ ఫోను లేదు.”

నాలుగో రోజు. మైకమ్మ లెక్కల్లో దిట్ట, వేళ్ళు అక్కర్లేదు. నోరు విప్పింది ఆరో రోజున.

“ఇంకో మాట టీచర్. మీ పాఠం వచ్చిన రోజు, కొత్త గొంతు అనగానే సిమ్ తీసేయబోయాం. ఐదు ఆపింది. ‘ఎవరైతేనేం, ఎంత బాగా చెబుతోందో చూడండే, చివరిదాకా విని విరుద్దాం’ అంది. పూర్తిగా విన్నాం. పది శాతం పట్టుకుని రెట్టింపు చేయడం మా అందరికీ వచ్చేసింది.”

ఏ మాట కోసం ఆవిడ ఇన్నేళ్ళు మొహం వాచి ఉందో ఆ మాట వచ్చింది. ఎవరి నోట రావాలనుకుందో ఆ నోటి మాటే. ఆవిడ అది మళ్ళీ వినలేదు. ఫోను బోర్లా పెట్టి రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది. ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో కూడా తనకి తెలియదని అప్పుడు తట్టింది.

చిట్టి రెండు గ్లాసులతో తలుపు మోకాలితో నెట్టుకుని వచ్చింది. “వచ్చిందా వదినా? ఏమన్నారు?”

“ఏడుగురు వచ్చారు” అంది మైకమ్మ.